మీకు తెలుసా? అడవి అంచున ఆన్‌లైన్ దుకాణం

కార్టు లేకుండానే 71 లక్షలు

శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లలేనివాళ్ల ఇంటికే కల్యాణ తలంబ్రాలు చేర్చే పనిని తెలంగాణ ఆర్టీసీ 2022లో తలకెత్తుకుంది. పొట్లం 80 రూపాయలు. ఆ ఒక్క పండక్కే దాదాపు 89 వేలమంది బుక్ చేసుకున్నారు. లెక్కేస్తే 71 లక్షలకు దగ్గర. మరుసటి ఏడాది ధర 116 అయింది, 2024లో 151. భక్తి సంగతి అలా ఉంచి దుకాణదారు కంటితో చూడండి. సరుకు ఒక్కటే, పొట్లం సైజు ఒక్కటే, రవాణా ఖర్చు ధరలోనే కలిసిపోయింది. అశ్వాపురానికైనా ఆదిలాబాద్‌కైనా అదే రేటు. పేరు, ఫోను నంబరు, చిరునామా రాసుకుని డబ్బు తీసుకుంటే అమ్మకం అయిపోయినట్టే.

మన భద్రాచలం వైపు ఆన్‌లైన్‌లో ఏదైనా అమ్ముకుందామనుకునేవాళ్లు ముందు వెబ్‌సైటు చేసిపెట్టేవాణ్ని వెతుకుతారు. ఆయన ముందు షాపింగ్ కార్టు, అంటే ఏరుకున్న సరుకులు వేసుకునే ఆన్‌లైన్ బుట్ట, కొనిపిస్తాడు. అరకిలో, కిలో సీసాల్లో తేనె తప్ప ఇంకేమీ అమ్మనివాడికి కార్టు దేనికి? ఒక పేమెంట్ లింకు, ఒక చిన్న ఫారం చాలు. కొనేవాళ్లు ఒకే ఆర్డరులో తేనె, చింతపండు, కుంకుడుకాయ, ఇప్పపువ్వు లడ్డూ కలిపి అడగడం మొదలయ్యాక, ఆ కలిపిన బరువుకు రవాణా ఎంతో చేత్తో లెక్కగట్టలేక తల పట్టుకున్నాక, అప్పుడు కార్టు కొనండి.

కుకీ పుట్టింది కార్టు కోసమే

దుకాణంలో తోసుకుంటూ తిరిగే చక్రాల బుట్టను 1937లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే కిరాణా వ్యాపారి తెచ్చాడు. మొదట్లో జనం దాన్ని ముట్టుకోలేదు. చివరికి ఆయన కూలికి మనుషుల్ని పెట్టి దుకాణంలో అటూ ఇటూ తోయించి మరీ అలవాటు చేశాడట.

ఇంటర్నెట్ బుట్టకు వచ్చిన చిక్కు వేరు. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లగానే, ఇందాక బుట్టలో వేసింది ఎవరో వెబ్‌సైటుకు గుర్తుండేది కాదు. దానికోసం 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటుల్లి కుకీ అనే చిన్న గుర్తును తయారుచేశాడు. ఇవాళ మన వెంటపడి ప్రకటనలు చూపించే ఆ కుకీని మొదట తలపెట్టింది బుట్టకు కాపలా కోసమన్నమాట.

ఈ కథ మనకెందుకంటే, చర్ల, దుమ్ముగూడెం దారుల్లో సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది. కొనేవాడు సగంలో ఆగిపోతాడు. మీరు తీసుకోబోయే కార్టులో రెండు వస్తువులు వేయండి, ఫోనులో డేటా ఆపేయండి, గంట తర్వాత మళ్లీ తెరవండి. బుట్ట ఖాళీగా కనిపిస్తే ఆ కార్టు మనకు పనికిరాదు.

అద్దెకా, సొంతానికా?

2004లో కెనడాలోని ఒట్టావాలో కొందరు మంచుబల్లలు (స్నోబోర్డులు) అమ్ముకుందామని ఆన్‌లైన్ దుకాణం పెట్టబోయారు. దొరికిన కార్టులేవీ నచ్చలేదు. సొంతంగా రాసుకున్నారు. మంచుబల్లల బేరం వెనక్కిపోయి, 2006లో ఆ కార్టే షాపిఫై పేరుతో బజారుకొచ్చింది. ఇది అద్దె పద్ధతి. నెలనెలా కడుతున్నంత కాలం దుకాణం తెరిచి ఉంటుంది, మరమ్మతుల బెడద ఉండదు. 2011లో వచ్చిన వూకామర్స్ సొంత పద్ధతి. వర్డ్‌ప్రెస్ మీద ఉచితంగా పెట్టుకోవచ్చు. అయితే సర్వరు అద్దె, అప్‌డేట్లు, దొంగదాడుల నుంచి కాపలా అన్నీ మన నెత్తినే. చెడిపోయిన రోజున బాగుచేసే మనిషి పాల్వంచలోనో ఖమ్మంలోనో అందుబాటులో లేకపోతే ఉచితం కాస్తా ఖరీదవుతుంది.

నన్నడిగితే ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే దుకాణానికి అద్దెదే మేలు. కాకపోతే చేరేముందే ఒకటి తేల్చుకోవాలి. సరుకుల జాబితా, ఖాతాదారుల జాబితా, పాత ఆర్డర్లు ఫైలుగా దించుకునే వీలుందా? అది లేనిచోట అద్దె ఎంత తక్కువైనా దిగొద్దు.

మొదటి ఆర్డరు మహబూబ్‌నగర్ నుంచి

ఫ్లిప్‌కార్ట్ 2007లో మొదలైనప్పుడు పుస్తకాలే అమ్మేది. వాళ్లకు వచ్చిన తొలి ఆర్డరు బెంగళూరు నుంచో ముంబై నుంచో కాదు, మన మహబూబ్‌నగర్ నుంచి. జాన్ వుడ్ రాసిన ఒక ఇంగ్లిష్ పుస్తకం కోసం. ఆన్‌లైన్ దుకాణానికి ఖాతాదారు ఎక్కడినుంచి వస్తాడో పెట్టినవాళ్లకే తెలియదు. భద్రాచలం ఆదివాసీ మహిళలు చిరుధాన్యాలతో చేసే 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' బిస్కెట్లు హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయని 2025 జూన్ 'మన్ కీ బాత్'లో ప్రధాని చెప్పారు.

తన ఫోనులోని క్యూఆర్‌ను తనే స్కాన్ చేయలేడు

చిన్న వెబ్‌సైట్లలో తరచూ కనిపించే తమాషా ఇది. 'ఈ క్యూఆర్ స్కాన్ చేసి డబ్బు పంపండి' అని బొమ్మ పెడతారు. చూసేవాడు ఫోనులోనే చూస్తున్నాడు, స్కాన్ చేయాల్సిందీ అదే ఫోనుతో. స్క్రీన్‌షాట్ తీసి, యాప్‌లోకి వెళ్లి, గ్యాలరీలోంచి ఎక్కించే ఓపిక ఎందరికుంటుంది? ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే మంచిదైతే బటన్ నొక్కగానే ఫోన్‌పేనో గూగుల్‌పేనో నేరుగా తెరుచుకుంటుంది. మొత్తం అందులోనే పడి ఉంటుంది, పిన్ కొడితే సరి. గేట్‌వే ఎంచుకునేటప్పుడు ల్యాప్‌టాప్‌లో డెమో చూసి మురిసిపోవద్దు. పాత ఆండ్రాయిడ్ ఫోనులో, బయట నిలబడి, కొని చూడండి.

ఉచితం అంటే ఎంత?

2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డు మీద వ్యాపారి దగ్గర బ్యాంకు రుసుం తీసుకోకూడదని చట్టం. కౌంటరు మీద అంటించిన క్యూఆర్‌కు ఇది తెలిసిన సంగతే. ఆన్‌లైన్ దుకాణంలో మాత్రం మధ్యలో గేట్‌వే కంపెనీ ఉంటుంది. దాని సేవకు అది వేరే రుసుం తీసుకుంటుంది. మామూలుగా అన్ని రకాల చెల్లింపులకూ కలిపి రెండు శాతం అటూ ఇటూ చెబుతారు, దానిమీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. 500 రూపాయల తేనె సీసాకు యూపీఐలో కడితే పది రూపాయల రుసుం, రూపాయి ఎనభై పైసల పన్ను, వెరసి 11 రూపాయల 80 పైసలు. జీఎస్టీ నమోదు ఉన్నవాళ్లు ఆ రూపాయి ఎనభైని తమ పన్నులో తగ్గించుకోవచ్చు. లేనివాళ్లకు అది పోయినట్టే.

అదే క్యూఆర్ మీద ఖాతాదారు రూపే క్రెడిట్ కార్డు జోడించి కడితే లెక్క మారుతుంది. చిన్న వ్యాపారులకు రెండు వేల వరకు రుసుం లేదు, దాటితే ఉంటుంది. అందుకే గేట్‌వే వాళ్లను 'మీ రేటెంత?' అని గంపగుత్తగా అడగడం దండగ. యూపీఐకి ఎంత, డెబిట్ కార్డుకు ఎంత, క్రెడిట్ కార్డుకు ఎంత, సరుకు వెనక్కొచ్చి డబ్బు తిరిగిస్తే ముందు పట్టుకున్న రుసుం తిరిగొస్తుందా అని విడివిడిగా అడగాలి. ఆఖరి ప్రశ్నకు చాలాచోట్ల జవాబు 'రాదు' అనే వస్తుంది.

తానీషా రసీదు

భద్రాచలంవాళ్లకు డబ్బు చెల్లింపు గురించి ఒకరు చెప్పాలా? పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న వసూలైన శిస్తు సొమ్ముతో రాముడి గుడి కట్టించాడు. గోల్కొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా చెరసాలలో వేశాడు. పన్నెండేళ్ల తర్వాత రామలక్ష్మణులే మారువేషంలో వెళ్లి ఆరు లక్షల మొహరీలు కట్టి రసీదు రాయించుకొచ్చారని మన నమ్మకం. భక్తి పక్కన పెట్టి దస్త్రాల లెక్కన చూస్తే ఇది ఒకరి సొమ్ము మధ్యలో ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు వచ్చే గొడవ. మధ్యవాడి ఉద్దేశం ఎంత గొప్పదైనా ఖజానాకు కావలసింది సొమ్మే.

ఆన్‌లైన్ దుకాణంలోనూ కొనేవాడు కట్టిన డబ్బు తిన్నగా మీ ఖాతాకు రాదు, గేట్‌వే దగ్గర ఆగుతుంది. ఆ సొమ్మును కంపెనీ తన ఖర్చులకు వాడుకోకుండా రిజర్వు బ్యాంకు 2020 మార్చి 17న నిబంధనలు తెచ్చింది. ఇలా మధ్యలో ఉండి వసూలు చేసే సంస్థను పేమెంట్ అగ్రిగేటర్ అంటారు. దానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉండాలి. వ్యాపారుల డబ్బును బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో విడిగా ఉంచాలి. అనుమతి కోరే నాటికి 15 కోట్లు, మూడేళ్లలో 25 కోట్ల నికర ఆస్తి చూపించాలి. 2025 సెప్టెంబరులో ఈ నియమాలన్నిటినీ ఒక్కచోట చేర్చి మళ్లీ విడుదల చేశారు. అనుమతి ఉన్న సంస్థల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోనే ఉంటుంది. 'మా దగ్గర ఒక శాతమే' అని ఎవరైనా ఫోను చేస్తే, రేటు మాట్లాడేముందు ఆ జాబితాలో వాళ్ల పేరుందేమో చూసుకోండి.

డబ్బు చేతికి రావడానికి మామూలుగా రెండు మూడు పనిదినాలు పడుతుంది. సంతలో తెల్లారేసరికి నగదిచ్చి సరుకు కొనేవాళ్లకు ఈ రెండు మూడు రోజులే కీలకం. పండగ సెలవులు కలిస్తే ఇంకా సాగుతుంది. మళ్లీ సంతకు సరిపడా నగదు పక్కన పెట్టుకోకుండా ఆన్‌లైన్‌లోకి దిగొద్దు.

ఎవరి పేరు కనబడుతుంది?

2025 జూన్ 30 నుంచి యూపీఐలో డబ్బు పంపేవాడికి, అవతలివాళ్ల బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరే చూపించాలి. మనం పెట్టుకున్న ముద్దుపేరు చెల్లదు. మహిళా సంఘం పేరుతో అమ్ముతూ, డబ్బు మాత్రం అధ్యక్షురాలి సొంత ఖాతాకో వాళ్లబ్బాయి ఖాతాకో తెప్పించుకుంటే, కొనేవాడికి ఎవరో తెలియని మనిషి పేరు కనబడుతుంది. సగంమంది అక్కడే ఆగిపోతారు. సంఘం పేరుతో ఖాతా, ఆ ఖాతాతోనే గేట్‌వే కేవైసీ. ఆ కాగితాలకు పట్టే సమయాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

507 అంటే తెలంగాణే అనుకుంటుంది కార్టు

సరిహద్దువాళ్లకు మాత్రమే తెలిసే తలనొప్పి ఇది. పిన్‌కోడ్ కొట్టగానే రాష్ట్రం పేరు తనంతట తానే నింపేసే కార్టులున్నాయి. వాటిలో కొన్ని మొదటి మూడంకెలు మాత్రమే చూస్తాయి. 507 కనబడిందా, ఖమ్మం, కాబట్టి తెలంగాణ. కానీ 2014లో పోలవరం ముంపు కింద ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. చింతూరు వెళ్లింది, పిన్‌కోడ్ మాత్రం 507126గానే ఉండిపోయింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, ఊరిని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రలో పడింది. రామయ్య గుడి తెలంగాణలో, ఆయన భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రలో. దేవుడికే తప్పని సరిహద్దు చిన్న దుకాణానికి తప్పుతుందా?

రాష్ట్రం తప్పుపడితే ఏమవుతుంది? పన్ను తప్పుపడుతుంది. తెలంగాణలోనే అమ్మితే పన్ను కేంద్ర, రాష్ట్ర జీఎస్టీలుగా సగం సగం. ఆంధ్రకు పంపితే మొత్తం ఐజీఎస్టీ. చింతూరు ఆర్డరును కార్టు తెలంగాణ అనుకుని బిల్లు కొడితే, రిటర్ను వేసేటప్పుడు గాని బయటపడదు. అందుకని కార్టులో 'పిన్‌కోడ్‌ను బట్టి రాష్ట్రం' అన్న సౌకర్యాన్ని మన వైపు ఆపేయడం మంచిది. రాష్ట్రం కొనేవాడే ఎంచుకోవాలి.

ఇంకో మెలిక. సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ నమోదు తప్పనిసరయ్యే వార్షిక వ్యాపార పరిమితిని 2019లో చాలా రాష్ట్రాలు 40 లక్షలకు పెంచుకున్నాయి, ఆంధ్రప్రదేశ్ సహా. తెలంగాణ మాత్రం 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. అంటే ఎటపాకలో కొట్టు ఉన్నవాడికి ఒక పరిమితి, నడిచి వెళ్లేంత దూరంలో భద్రాచలంలో ఉన్నవాడికి అందులో సగం. ఈ పరిమితులు కూడా రాష్ట్రం లోపల అమ్మినంతవరకే. రాష్ట్రం దాటించి అమ్మితే, అది వంద రూపాయల సరుకైనా, నమోదు తప్పనిసరి. సర్కారు జాబితాలో ఉన్న చేతివృత్తుల సరుకులకు పరిమితి దాటనంతవరకు ఇందులో మినహాయింపు ఉంది. తేనెకు, పచ్చళ్లకు లేదు.

కాబట్టి నమోదు లేని దుకాణం కార్టులో 'డెలివరీ తెలంగాణకు మాత్రమే' అని పెట్టుకోవాలి. పక్క వీధికి అమ్మలేక హైదరాబాద్‌కు అమ్ముకోవాల్సి రావడం విడ్డూరమే.

కట్టేది కొడుకు, అందుకునేది తల్లి

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి కూనవరంలో ఉన్న అమ్మకు బిస్కెట్లు ఆర్డరు పెట్టాడు. బిల్లు చిరునామా హైదరాబాద్, సరుకు వెళ్లేది ఆంధ్రప్రదేశ్‌కు. పన్ను ఏ రాష్ట్రానిది? జీఎస్టీ నమోదు లేని మామూలు కొనుగోలుదారు విషయంలో సరుకు చేరే చిరునామానే లెక్కలోకి తీసుకోవాలని 2024 జూన్‌లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది. చాలా కార్టుల్లో పన్నును బిల్లు చిరునామాతో లెక్కించాలా, డెలివరీ చిరునామాతోనా అని ఒక సెట్టింగు ఉంటుంది. దాన్ని డెలివరీకి మార్చి, బిల్లు మీద కూడా ఆ చిరునామా పడేలా చూసుకోండి.

లేబులు అంటించగానే పన్ను

విడిగా తూచి అమ్మే తేనెకు జీఎస్టీ లేదు. అదే తేనెను ముందే సీసాకెత్తి లేబులు వేసి అమ్మితే 5 శాతం. 2022 జులై 18 నుంచి ఇదే పద్ధతి. ఆన్‌లైన్‌లో అమ్మేది లేబులున్న సీసాయే కదా! ధర రాసేటప్పుడే పన్ను కలిపి రాయండి. చివరి మెట్టు మీద పన్ను పుట్టుకొస్తే కొనేవాడు అక్కడే బుట్ట వదిలేస్తాడు.

ఇంటి నంబరు లేని ఊళ్లు

కార్టు తయారుచేసినవాళ్లు 'డోర్ నంబర్' గడి నింపకపోతే ముందుకు పోనివ్వరు. గూడెంలో ఇళ్లకు నంబర్లేవి? జనం ఏదో ఒకటి కొట్టేసి ముందుకెళ్తారు, పార్సిల్ మాత్రం వెనక్కి వస్తుంది. ఆ గడి తప్పనిసరి కాకుండా చేసి, దాని బదులు గూడెం, పంచాయతీ, మండలం, దగ్గరి గుర్తు అని నాలుగు గడులు పెట్టండి. బడి పక్కన, నీళ్ల ట్యాంకు ఎదురుగా. కొరియర్ కుర్రాడికి కావలసింది అదే.

దీనికి తపాలా శాఖ ఇంకో దారి కూడా చూపించింది. 2025 మే నెలలో డిజిపిన్ తెచ్చింది. దేశం మొత్తాన్ని సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా విడగొట్టి ఒక్కో చదరానికి పది అక్షరాంకెల సంకేతం ఇచ్చారు. దీని తయారీలో ఐఐటీ హైదరాబాద్‌ది ముఖ్యమైన పాత్ర. కొండరెడ్ల గుడిసెకైనా హైటెక్ సిటీ అపార్టుమెంటుకైనా సంకేతం ఒకే తీరున ఉంటుంది. తప్పనిసరేం కాదు, కార్టులో ఒక ఖాళీ గడి ఉంచితే నష్టం లేదు.

ఖాళీ బుట్ట బరువు 5 కిలోల 400 గ్రాములు

వెదురు బుట్ట అల్లేవాళ్లు కార్టులో బరువు 300 గ్రాములని రాస్తారు, కొరియర్ బిల్లు చూసి గుండెలు బాదుకుంటారు. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. అలా వచ్చిన అంకె, అసలు బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ముప్ఫై సెంటీమీటర్లుండే పెట్టెలో బుట్ట పెడితే 27,000 బై 5000, అంటే 5.4 కిలోలు. బరువు మాత్రమే అడిగే కార్టు వెదురు సరుకుకు పనికిరాదు, కొలతలు కూడా తీసుకునేది ఉండాలి. ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా మూడు సైజుల బుట్టలు అల్లి సెట్టుగా అమ్మితే అదే చార్జికి మూడూ వెళ్తాయి. కార్టు పుణ్యమా అని అల్లిక మారుతుందన్నమాట, మారనివ్వండి.

క్యాష్ ఆన్ డెలివరీకి దాదాపు నూటయాభై ఏళ్లు

సరుకు అందాకే డబ్బు అన్న పద్ధతి నిన్నా మొన్నటిది కాదు. మన తపాలా శాఖ వీపీపీ మొదలుపెట్టింది 1877లో. పోస్ట్‌మన్ పార్సిల్ తెస్తాడు, డబ్బు తీసుకుని సరుకిస్తాడు, ఆ డబ్బు మనీఆర్డరుగా అమ్మినవాడికి చేరుతుంది. మన తాతలు మద్రాసు నుంచి పుస్తకాలు, మందులు తెప్పించుకున్నది ఇలాగే. ఇవాళ ప్రైవేటు కొరియర్లు 'ఈ పిన్‌కోడ్‌కు సర్వీసు లేదు' అనే ఊళ్లకు కూడా పోస్టాఫీసు ఉంటుంది.

ఈ పద్ధతికి అమ్మేవాళ్లు జడిసేది ఒక్కందుకే. తలుపు దగ్గర 'వద్దు' అంటే రానూపోనూ ఖర్చు అమ్మినవాడిదే. మధ్యేమార్గంగా రవాణా ఖర్చు మాత్రం ముందే యూపీఐలో తీసుకుని, సరుకు ధర అందాక తీసుకునేలా కొన్ని కార్టుల్లో పెట్టుకోవచ్చు. యాభై రూపాయలు ముందే కట్టినవాడు ఊరికే 'వద్దు' అనడు. పాడైపోయే సరుకుకు మాత్రం ఈ పద్ధతి అసలు పెట్టకండి. తిరిగొచ్చిన లడ్డూ ఎవరు తింటారు?

డబ్బు పోయింది, ఆర్డరు రాలేదు

పిన్ కొట్టాడు, సిగ్నల్ పోయింది. ఖాతాలో డబ్బు తగ్గింది, వెబ్‌సైటులో మాత్రం 'చెల్లింపు జరగలేదు'. అడవి అంచున ఇది రోజూ ఉండే భాగోతం. ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది, కొనేవాడి ఫోను తిరిగొచ్చి 'కట్టేశాను' అని చెప్పేదాకా ఆగే కార్టులు కొన్ని. ఫోను రాకపోయినా గేట్‌వే సర్వరే నేరుగా దుకాణం సర్వరుకు కబురు పంపే ఏర్పాటును వెబ్‌హుక్ అంటారు. గేట్‌వే పెట్టించేటప్పుడు 'వెబ్‌హుక్ పెట్టారా?' అని ఒక్క ప్రశ్న అడిగితే సగం గొడవలు పుట్టవు.

రెండోది, నిజంగానే చెల్లింపు మధ్యలో ఆగిపోతే డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు గడువులు పెట్టింది. వ్యాపారికి చేసిన యూపీఐ చెల్లింపైతే అయిదు రోజులు. ఆపైన ఆలస్యమయ్యే ఒక్కో రోజుకు ఖాతాదారుకు వంద రూపాయల పరిహారం. ఈ రెండు వాక్యాలు మీ దుకాణం పేజీలో పెద్దక్షరాల్లో రాసిపెట్టండి. కంగారుపడి ఫోను చేసేవాళ్లు తగ్గుతారు.

ఇదే అదనుగా వాట్సాప్‌లో 'కట్టేశాను' అని స్క్రీన్‌షాట్ పంపేవాళ్లూ ఉంటారు. అచ్చం అలాంటి బొమ్మలు తయారుచేసే యాప్‌లు ఉన్నాయి. బ్యాంకు మెసేజ్ గాని, గేట్‌వే డ్యాష్‌బోర్డు గాని చూడకుండా పార్సిల్ కట్టొద్దు. ఇంకా ముఖ్యం, డబ్బు రావడానికి మన పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. అడిగాడంటే దొంగే.

కార్డు నంబరు రాసిపెట్టుకోకూడదు

ఆన్‌లైన్‌లో కార్డుతో కడితే పాస్‌వర్డో ఓటీపీయో రెండో తాళంగా ఉండాలన్న నియమం మన దేశంలో 2009 ఆగస్టు 1 నుంచే ఉంది. 2022 అక్టోబరు నుంచి దుకాణదారులు ఖాతాదారు కార్డు నంబరును తమ దగ్గర దాచుకోవడమే నిషేధం. దాని బదులు టోకెన్ అనే మారు సంకేతం వాడాలి. చిన్న దుకాణానికి ఇది మంచిదే. కార్డు వివరాల పేజీ గేట్‌వేదే ఉండేలా చూసుకుంటే ఆ బాధ్యత మనమీద పడదు. ఫోనులో కార్డు నంబరు చెప్పించుకుని నోటుబుక్కులో రాసుకునే అలవాటు ఎక్కడైనా ఉంటే ఆ పేజీ చింపేయండి.

అన్నదానానికి పదకొండు రూపాయలు

బుట్టలో తనకు తానుగా చేరిపోయే విరాళం గడి చూసే ఉంటారు. ముందే టిక్కు పెట్టి ఉంటుంది. 2023 నవంబరు 30న కేంద్రం 13 రకాల మోసపు ఎత్తుగడల్ని పేరుపేరునా నిషేధించింది. కొనేవాడు అడగకుండా బుట్టలో ఏదైనా వేయడం వాటిలో ఒకటి, అది దానధర్మమే అయినా సరే. క్షేత్రం పేరు చెప్పి అమ్మే దుకాణాలకు ఈ మోజు ఎక్కువ. గడి పెట్టుకోండి, టిక్కు మాత్రం కొనేవాడినే పెట్టనివ్వండి.

భద్రాచలం రోడ్డు స్టేషను భద్రాచలంలో లేదు

ఉన్నది కొత్తగూడెంలో, సుమారు 40 కిలోమీటర్ల అవతల. రైలు పార్సిల్ నమ్ముకుని 'మూడు రోజుల్లో డెలివరీ' అని కార్టులో రాసేముందు ఆ దూరం కలుపుకోవాలి. జులై, ఆగస్టుల్లో ఇంకోటి కూడా కలపాలి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది, వంతెన మీద రాకపోకలే ఆపేశారు. చాలా అద్దె కార్టుల్లో డెలివరీ రోజుల్ని మార్చే గడి ఒకటుంటుంది, ఎవరూ ముట్టుకోరు. మొదటి హెచ్చరిక రాగానే అక్కడ మూడును పది చేయండి. రెండోదానికి క్యాష్ ఆన్ డెలివరీ ఆపండి. మూడోది వస్తే ఆర్డర్లు తీసుకోవడమే ఆపేసి, అప్పటికే కట్టినవాళ్లకు 'ఆగుతారా, డబ్బు తిరిగి పంపమంటారా?' అని మెసేజ్ పెట్టండి.